అమ్మను వంటింట్లోకి రానివ్వకపోతే సరిపోతుందా?

తిరువూరు చుట్టుపక్కల చాలా ఇళ్లలో పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోగా మిగిలింది పెద్దవాళ్లిద్దరే. ఒక్కోచోట ఒక్కరే. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చాక కట్టెల పొయ్యి వదిలి గ్యాస్‌కు మారిన ఆడవాళ్లలో చాలామంది ఇప్పుడు ఆ వయసువాళ్లే. వాళ్లకు వంటింటి జాగ్రత్తలు చెప్పబోతే నవ్వుతారు. వంట వాళ్లకు బాగానే తెలుసు, కానీ ముక్కూ కళ్లూ మోకాళ్లూ మునుపటిలా లేవు.

అపోహ: గ్యాస్ లీకైతే వాసనకే తెలిసిపోతుంది.

వాస్తవం: వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు. మనం పసిగట్టాలనే ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు. వయసు మీదపడితే వాసన పట్టే శక్తి తగ్గుతుంది, జలుబు చేస్తే ఇక చెప్పక్కర్లేదు. పాలు పొయ్యి మీద పెట్టి మనవడి వీడియో కాల్‌కు హాల్లోకి వెళ్తారు. పాలు పొంగి మంట ఆరుతుంది, గ్యాస్ వస్తూనే ఉంటుంది. మంట ఆరగానే గ్యాస్ దానంతటదే ఆగిపోయే స్టవ్‌లు దొరుకుతున్నాయి. పండక్కి వచ్చే కొడుకు చీరకు బదులు అదొకటి కొంటే మేలు.

అపోహ: కిటికీ తెరిచే ఉందిగా!

వాస్తవం: ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. తలుపులు కూడా బార్లా తీయాలి. లైటు, ఫ్యాను స్విచ్ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఆ నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది.

అపోహ: నూలు చీరకు మంట అంటుకోదు.

వాస్తవం: అంటుకుంటుంది. సింథటిక్‌లా కరిగి ఒంటికి అతుక్కోదు, అంతే తేడా. కొంగు నడుముకు దోపుకోవాలి. పోపులడబ్బా స్టవ్ వెనక ఉంటే ఈరోజే పక్కకు జరపండి.

అపోహ: పెద్దవాళ్లు జారిపడేది బాత్రూంలోనే.

వాస్తవం: గంజి ఒలికిన టైల్సు తక్కువ తినలేదు. మామిడి తోటల ఊరు కదా, ఆవకాయ జాడీ అటకెక్కని ఇల్లుండదు. దాన్ని దించడానికి స్టూలెక్కుతారు. జాడీని నడుమెత్తు అరలో పెట్టి, వాడకానికి చిన్న సీసాలోకి తీసుకుంటే ఆ అవసరమే రాదు. ఇక కత్తిపీట: బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు కిందినుంచి గబుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు, ఎదురుగానే కత్తి. బల్ల మీద చాకుతో తరగడం నేర్పితే మొదట విసుక్కుంటారు, తర్వాత అలవాటవుతుంది.

అపోహ: కాలితే టూత్‌పేస్టు పూయాలి.

వాస్తవం: వద్దు, ఐసూ వద్దు. గాజులు, ఉంగరాలు వెంటనే తీసేసి 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. మే నెలలో ఇక్కడ మేడమీది ట్యాంకు నీళ్లే కాగిపోతుంటాయి, కుండలో నీళ్లు వాడండి. షుగర్ ఉండి స్పర్శ తగ్గినవాళ్లకు కాలిన సంగతే తెలియకపోవచ్చు, కాబట్టి చిన్న బొబ్బైనా డాక్టరుకు చూపించాలి.

అపోహ: ఇంత గొడవెందుకు, అమ్మను వంటింట్లోకి రానివ్వకపోతే సరి.

వాస్తవం: ఎవరూ లేనప్పుడు ఆవిడే వెళ్తుంది, అదీ మసక వెలుతుర్లో. అంతకన్నా స్టవ్ పైన మంచి ట్యూబులైటు, పక్కన వీపు ఆనే కుర్చీ పెట్టించడం నయం.