జర్మనీలో కల్చర్ క్లాసు.. మా పెరట్లో స్టీలు గ్లాసు!

‘ఈజీగా రెండు క్రెడిట్లు వస్తాయే, తీసేసుకో’ అంది సీనియర్ అక్క. ఎమ్మెస్ కోసం జర్మనీలోని లైప్‌జిగ్‌కి వచ్చి అప్పటికి వారమే. జర్మన్ కల్చర్‌ని పరిచయం చేసే కోర్సట. బీరు, సాసేజ్‌లు, కోటలు, ఫుట్‌బాల్ గురించి చెబుతారనుకున్నా. పరీక్ష కూడా లేదు, చివర్లో అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు. తీరా ఆ అయిదు నిమిషాలే నాకు చుక్కలు చూపించాయి.

నువ్వా.. మీరా?

మొదట్లో అంతా సరదాగానే గడిచింది. దగ్గరివాళ్లని ‘డూ’ అనాలి, పెద్దవాళ్లనీ కొత్తవాళ్లనీ ‘జీ’ అనాలి. ఇంగ్లిష్ ‘యూ’ ఒక్కటే తెలిసిన అమెరికన్ కుర్రాడు తల పట్టుకున్నాడు. మనకేముంది, నువ్వు, మీరు ఉగ్గుపాలతోనే వచ్చేస్తాయిగా! క్లాసులో తెగ గొప్పలు పోయా.

ఆదివారం షాపులు మూసేస్తారనీ, రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదనీ, వాటర్ బాటిల్‌కి అదనంగా కట్టిన 25 సెంట్లు ఖాళీ బాటిల్‌ని మెషీన్‌లో వేస్తే తిరిగొస్తాయనీ అక్కడే తెలిసింది. ‘టైమ్ అంటే జర్మన్లే కదా’ అంటే, ‘ఓసారి మా రైలెక్కి చూడండి’ అని మేడమ్ నవ్వేశారు.

కాళ్ల దగ్గర పేర్లు

నవంబరు 9న క్లాసు వీధిలో జరిగింది. పాత అపార్ట్‌మెంట్ ముందు ఆగి కిందకి చూడమన్నారు మేడమ్. ఫుట్‌పాత్‌లో పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలు! ఒక్కోదాని మీద ఓ పేరు, పుట్టిన సంవత్సరం, ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎక్కడ చనిపోయారు. ఒకప్పుడు ఆ ఇంట్లో ఉండి, నాజీలకు బలైనవాళ్లవి. వీటిని ‘ష్టోల్పర్‌ష్టైన్’.. అంటే కాలికి తగిలే రాయి అంటారు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990ల్లో మొదలుపెట్టాడు. ఇప్పుడు యూరప్‌లో లక్షకు పైనే ఉన్నాయి. పేరు చదవాలంటే తల వంచాల్సిందే.

1989లో బెర్లిన్ గోడ తెరుచుకున్నదీ నవంబరు 9నే. 1938లో యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టిందీ ఆ రాత్రే. అందుకే ఏటా ఆ రోజున చాలామంది ఈ పలకల్ని తుడిచి, కొవ్వొత్తులు పెడతారు. మాతో వచ్చిన జర్మన్ అమ్మాయి కూడా వంగి తుడుస్తూ, ‘మా ముత్తాత నాజీ పార్టీలో ఉన్నాడు. నేను అడిగేదాకా ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు’ అంది.

నా అయిదు నిమిషాలు

చివరి క్లాసుకి టాపిక్ ‘మా ఇంట్లో మాట్లాడుకోని విషయం’. సంక్రాంతి ముగ్గుల మీద స్లైడ్లు రెడీ చేసుకున్న నేను అన్నీ డిలీట్ చేశా.

గుంటూరు దగ్గర మా ఊళ్లో, పెరటి గోడ మీద ఓ స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. మా ఇంట్లో పనిచేసే ఆమెకి టీ అందులోనే పోసేవాళ్లం. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టేది. చిన్నప్పుడు ఓసారి ఆ గ్లాసుతో నీళ్లు తాగబోతే నానమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ఎందుకని నేను అడగలేదు. మళ్లీ ముట్టుకోనూ లేదు.

జరిగిన ఘోరమూ, మా గ్లాసూ ఒకటేనని నేను అనడం లేదు. కానీ అడక్కుండా ఊరుకోవడం మాత్రం ఒకేలా అనిపించింది. గొంతు వణుకుతుండగానే చెప్పేశా. అమెరికన్ కుర్రాడు మెల్లగా అడిగాడు, ‘ఆమె పేరేంటి?’

నాకు తెలీదు. ఊళ్లో అందరికీ ఆమె ‘బుజ్జిగాడి అమ్మ’. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, మా అమ్మకంటే పెద్దది. అయినా ఆమెని ఏనాడూ ‘మీరు’ అనలేదు.

ఆ రాత్రే అమ్మకి వాట్సాప్ కాల్ చేశా. ‘ఇప్పుడెందుకే అవన్నీ?’ అంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పేరు చెప్పింది. గ్లాసు ఇంకా గోడమీదే ఉందట.

జర్మనీకి వస్తుంటే ఇలాంటి క్లాసు దొరికితే వదలొద్దు. నేనైతే మార్చి సెలవుల్లో ఇంటికెళ్తున్నా. ఆమెని పేరుపెట్టి ‘గారు’ అని పిలవాలి. లోపల మనందరి గ్లాసుల్లోనే టీ ఇవ్వాలి. ముందు నానమ్మతో మాట్లాడాలి. జర్మన్ గ్రామర్ కంటే అదే కష్టం!