గాల్లో జనరేటర్ ఆగితే.. చిన్న విమానానికి మిగిలేది అరగంటే

1983 అక్టోబరు 11 రాత్రి. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి బయల్దేరిన ఎయిర్ ఇల్లినాయ్ విమానంలో టేకాఫ్ అయిన కాసేపటికే ఎడమ జనరేటర్ పాడైంది. కో-పైలట్ పొరపాటున, బాగా పనిచేస్తున్న కుడి జనరేటర్‌ను ఆపేశారు. అది మళ్లీ అందుబాటులోకి రాలేదు. బయల్దేరిన విమానాశ్రయం ఇంకా దగ్గర్లోనే ఉన్నా కెప్టెన్ వెనక్కి తిప్పలేదు. బ్యాటరీతోనే కార్బండేల్ చేరుకోవచ్చని అనుకున్నారు. సుమారు అరగంటకు బ్యాటరీ అయిపోయింది. చీకట్లో, మబ్బుల్లో విమానం కూలి, అందులోని 10 మందీ చనిపోయారు.

ఆ విమానం హాకర్ సిడ్లీ 748. కాన్పూర్‌లో హెచ్ఏఎల్ తయారుచేయగా భారత వైమానిక దళం ‘ఆవ్రో’ పేరుతో వాడిన రకమే అది.

ఇంజిన్ నడుస్తున్నా ప్రమాదమెందుకు?

కరెంటు పోయినంత మాత్రాన సాధారణంగా ఇంజిన్ ఆగదు. చాలా పిస్టన్ ఇంజిన్లలో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు. పోయేవి రేడియో, దారి చూపే పరికరాలు, దీపాలు, తెరలు. మబ్బుల్లో విమానం ఎటు ఒరుగుతోందో పైలట్‌కు చెప్పేది పరికరమే. అది ఆరిపోతే శరీరానికి తోచే దిశను నమ్మలేం.

అందుకే రక్షణను అంచెలుగా పెడతారు. డోర్నియర్ 228, ట్విన్ ఆటర్ లాంటి వాటిలో ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో జనరేటర్ ఉంటుంది. ఒకే ఇంజిన్ ఉన్న సెస్నా కారవాన్‌లో ప్రధాన జనరేటర్‌కు తోడు అదనపు ఆల్టర్నేటర్ అమర్చుతారు. అవన్నీ ఆగితే బ్యాటరీయే దిక్కు.

అరగంట ఎవరికి సరిపోతుంది?

అత్యవసర పరికరాలను బ్యాటరీ కనీసం 30 నిమిషాలు నడపాలన్నది చిన్న విమానాల డిజైన్‌లో చాలా ఏళ్లుగా ఉన్న లెక్క. అయితే బ్యాటరీ ఆరోగ్యంగా ఉండాలి. లోపాన్ని వెంటనే గుర్తించి, ల్యాండింగ్ లైట్లు, రెండో రేడియో లాంటివి ఆపేయాలి. హెచ్చరిక దీపాన్ని గమనించడం ఆలస్యమైతే ఆ నిమిషాలు అరగంటలోంచే పోతాయి. చలిలో బ్యాటరీ సామర్థ్యమూ తగ్గుతుంది.

మైదానాల మీద అరగంటలో ఏదో ఒక రన్‌వే దొరకవచ్చు. కొండల్లో అలా కాదు. నేపాల్‌లోని లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లే. అక్కడికి వెళ్లేది లోయల గుండానే. 2022 ఏప్రిల్‌లో డిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కు డోర్నియర్ సర్వీసు మొదలైన అరుణాచల్‌లోనూ కొండలు, మబ్బులే సవాలు. కింద శిఖరాలుంటే మబ్బుల్లోంచి గుడ్డిగా కిందికి దిగలేరు. కొండ అడ్డొస్తే రేడియో మాటా అందదు.

చివరి అంచె ప్రాణాలతో ఉన్నవారిని వెతకడానికి. ప్రమాద సంకేతం పంపే ఈఎల్‌టీకి సొంత బ్యాటరీ ఉంటుంది. 406 మెగాహెర్ట్జ్‌పై కనీసం 24 గంటలు అది ఉపగ్రహాలకు సంకేతం పంపగలగాలి. భారత్‌తో పాటు నేపాల్, భూటాన్‌లకు సంబంధించిన సంకేతాలను బెంగళూరులోని కేంద్రం అందుకుని సహాయక బృందాలకు చేరవేస్తుంది.

అంత దూరం రాకుండా ఆపేది మాత్రం పైలట్ నిర్ణయమే. బ్యాటరీ ఇచ్చే అరగంట దగ్గర్లోని రన్‌వేపై దిగడానికి, ప్రయాణం పూర్తి చేయడానికి కాదు.