అండమాన్‌లో కయాకింగ్‌కి వెళ్తున్నారా? సైలెంట్‌గా వెళ్తే సేఫ్ అనుకోవద్దు!

వడ్డాది, చోడవరం వైపు కుర్రాళ్లను కయాకింగ్ గురించి అడిగితే ముందు రుషికొండ బీచే గుర్తొస్తుంది. లైఫ్ జాకెట్ వేసుకుని, తెడ్డు పట్టుకుని ఒడ్డు దగ్గరే ఓ రౌండ్ కొట్టి వచ్చేస్తారు. అదే విశాఖ పోర్టులో ఓడెక్కి అండమాన్ వెళ్తే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ భాషకి పెద్దగా ఇబ్బంది లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. జాగ్రత్తగా ఉండాల్సింది నీళ్ల దగ్గర.

హేవ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో మడ అడవుల మధ్య పాయల్లోకి కయాక్‌లు వెళ్తాయి. ఇంజిన్ ఉండదు, జానెడు లోతు నీళ్లున్నా చాలు. పెద్ద బోట్లు దూరలేని చోటికి కూడా పోవచ్చు. రాత్రి పూట అయితే తెడ్డు వేసిన ప్రతిసారీ నీళ్లు నీలంగా మెరుస్తాయి. నీళ్లు కదిలినప్పుడు కొన్ని సూక్ష్మజీవులు వెలుగు చిమ్మడమే దీనికి కారణం.

అయితే ఆ పాయలే ఉప్పునీటి మొసళ్ల ఇల్లు కూడా. కళ్లు, ముక్కు మాత్రమే పైకి పెట్టి కదలకుండా ఉంటాయి. రాత్రుళ్లే ఎక్కువ తిరుగుతాయి. 2010 ఏప్రిల్‌లో ఇదే దీవిలో నీళ్లలో ఈత కొడుతున్న ఓ అమెరికా టూరిస్టును మొసలి చంపేసింది. ఆటు మొదలై నీళ్లు తగ్గిపోతే కయాక్ బురదలో ఇరుక్కుంటుంది. అలాంటప్పుడు దిగి తోయాలని చూడటం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

మరి పడవకి సౌండ్ లేదు కాబట్టి జంతువులకి ఇబ్బంది ఉండదు కదా? చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంజిన్ బోటు వస్తుంటే పక్షికి దూరం నుంచే వినిపిస్తుంది. కయాక్ మాత్రం చప్పుడు లేకుండా ఒక్కసారిగా పక్కన ప్రత్యక్షమవుతుంది. బెదిరిన పక్షి గూడు వదిలి ఎగిరిపోతే గుడ్లు ఎండకి మాడతాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే తాబేలు కూడా ఫోన్ లైట్ వేస్తే వెనక్కి మళ్లిపోతుంది. ఓ రీల్ కోసం ఇంత అవసరమా?

అన్నిటికంటే ముఖ్యమైనది, కనిపించిన దీవికల్లా వెళ్లకూడదు. అండమాన్ నికోబార్‌లో చిన్నా పెద్దా కలిపి 830కి పైగా దీవులుంటే, మనుషులు ఉండేవి 31 మాత్రమే. నార్త్ సెంటినెల్ చుట్టూ 5 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 9 కిలోమీటర్లు, ఎవరికీ ప్రవేశం లేదు. 2018 నవంబర్‌లో ఓ అమెరికా యువకుడు జాలర్ల బోటులో దగ్గరిదాకా పోయి, అక్కడి నుంచి కయాక్‌లోనే ఒడ్డుకి వెళ్లాడు. ప్రాణాలతో తిరిగి రాలేదు. అతణ్ని తీసుకెళ్లిన జాలర్లు కూడా అరెస్టయ్యారు.

వెళ్లాలనుకునేవాళ్లు లోకల్ గైడ్ లేకుండా పాయల్లోకి దిగొద్దు. ఆటుపోట్ల టైమ్ ముందే అడగాలి. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాలు కూడా నీళ్లలో పెట్టొద్దు. నీళ్ల మెరుపు బాగా కనిపించేది అమావాస్య రోజుల్లో. విశాఖ నుంచి ఓడ రోజూ ఉండదు కాబట్టి, క్యాలెండర్‌లో రెండూ కలిసే తేదీ చూసుకున్నాకే టికెట్ బుక్ చేసుకోండి.