గాలి తుపాకే కదా అనుకుంటే... కేసు గట్టిదే!

* గుండు లావు పెరిగితే లైసెన్స్ తప్పదు
* అడవిపంది మీద గురిపెడితే రెండు చట్టాలతో పేచీ

హోసూరు: తిరునాళ్లలో చెక్కకు వరసగా బుడగలు కట్టి పిల్లల చేతికి ఓ తుపాకి ఇస్తారు. గొట్టం విరిచి, చిన్న సీసపు గుండు పెట్టి, మూసి నొక్కితే ‘టప్‌’మంటుంది. సరిహద్దు పల్లెల్లో చాలామందికి ఎయిర్‌గన్ అంటే ఇదే. మందు లేదు, పొగ లేదు, కాబట్టి లైసెన్సూ అక్కర్లేదని ధీమా. చెనిక్కాయ చేలో పడే పందుల్ని తరమాలని కొందరు, ఆదివారం పూట కౌజుపిట్టల సరదా తీర్చుకోవాలని కొందరు, ఆ ధీమాతోనే ‘ఇంకాస్త పెద్ద సైజు’ కోసం ఆరా తీస్తుంటారు. చిక్కు వచ్చేది ఆ సైజు దగ్గరే.

నాలుగున్నర మిల్లీమీటర్లే గీత

2016 జులైలో కేంద్రం కొత్త ఆయుధ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, అంటే దుకాణాల భాషలో పాయింట్ 177 దాటకూడదు. గుండు బయటికొచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌళ్లు దాటకూడదు. ఈ రెంటిలో ఏది దాటినా లైసెన్స్ కావాలి. పక్కనే ఉండే పాయింట్ 22, అంటే 5.5 మిల్లీమీటర్ల రైఫిల్ చూడ్డానికి తేడా తెలియదు. ఒక్క మిల్లీమీటరే ఎక్కువ. అయినా లైసెన్స్ లేకుండా అది ఇంట్లో ఉంటే ఆయుధ చట్టం కిందికి వచ్చినట్టే. గొట్టం సైజు సరిపోయినా స్ప్రింగు మార్పించి జోరు పెంచితే 20 జౌళ్ల గీత దాటే ప్రమాదముంది. ‘లోపల ఏం మార్చామో ఎవరికి తెలుస్తుంది’ అనుకుంటే పొరపాటు. గుండు వేగం, బరువు తెలిస్తే శక్తి లెక్క కట్టడం ఎంతసేపు?

చిత్తూరు వైపు కొన్నాం, బెంగళూరులో కొన్నాం అంటే తప్పించుకోవడం కుదరదు. 1959 నాటి ఆయుధ చట్టం కేంద్రానిది. ఎల్లకు ఇటైనా అటైనా అదే రూలు.

గీత లోపలి తుపాకి ఆటకు భేషుగ్గా పనికొస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన 10 మీటర్ల పోటీలో వాడేది ఈ పాయింట్ 177 రైఫిలే.

జింకను పడగొట్టే గాలి

అసలు పెద్ద గొట్టం గాలి తుపాకి కొత్త సరుకేం కాదు. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం జిరార్డోని అనే పనివాడు చేసిన రైఫిల్ వాడింది. దాని మడమే గాలి డబ్బా. అది నిండాలంటే పంపుతో దాదాపు 1,500 సార్లు కొట్టాలి. అంత కష్టపడితే 20కి పైగా గుండ్లు చకచకా పేల్చొచ్చు. 1803లో అమెరికా పడమటి దారులు వెతకడానికి బయల్దేరిన లూయిస్, క్లార్క్‌లు కూడా ఒక గాలి తుపాకి పట్టుకెళ్లారు. దారిలో కలిసిన తెగలవాళ్లకు దాన్ని పేల్చి చూపించి అబ్బురపరిచేవారట!

ఇప్పుడు పంపు బదులు స్కూబా సిలిండర్లూ, కంప్రెసర్లూ వచ్చాయి. కారు టైరులో 30, 35 పాయింట్ల గాలి పడతాం కదా, ఈ రైఫిళ్లలో 3,000 పాయింట్లకు పైనే నింపుతారు. పాయింట్ 45, పాయింట్ 50 సైజుల్లో అమ్మేవి 600 జౌళ్లు దాటి కొడతాయి. మన గీతకు 30 రెట్లు! టెక్సాస్ రాష్ట్రం 2018లో వీటితో జింకల వేటకు అనుమతిచ్చింది. అక్కడా పాయింట్ 30కి తగ్గకూడదని షరతు. బలం చాలని తుపాకితో కొడితే జంతువు చావక, గాయంతో పోయి ఎక్కడో కుళ్లి చస్తుందని వాళ్ల లెక్క. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోనుకు పంపే వేట వీడియోలు చూసి ఇక్కడ ముచ్చటపడేవాళ్లు గమనించాల్సింది ఇదే. అక్కడ లైసెన్స్ కొని, సీజన్ చూసి వేటాడతారు. ఇక్కడ సీజన్ అనేదే లేదు.

రైతు బాధ అబద్ధం కాదు

డెంకణికోట, బాగేపల్లి, పావగడ వైపు చెనిక్కాయ, రాగి పెట్టే రైతును అడిగితే అడవిపంది సంగతి చెబుతాడు. ఒక్క రాత్రి గుంపు దిగిందంటే చేను దున్నినట్టే అవుతుంది. డప్పులు, టపాకాయలు, పాత చీరల కంచె... ఏదైనా నాలుగు రోజులే పనిచేస్తుంది. ఆ ఉక్రోషంలోనే కొందరు కరెంటు తీగలు, నాటు బాంబుల దాకా పోతున్నారు. ఆ తీగలకు పందులే కాదు, ఏనుగులూ, మనుషులూ బలైన సంఘటనలున్నాయి. వాటితో పోలిస్తే ఎయిర్‌గన్ మేలు కదా అనేది రైతు వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లైసెన్స్ అక్కర్లేని తుపాకి గుండు పంది తోలు కింద కొవ్వులో ఇరుక్కుంటుంది, అంతే. గాయపడ్డ పంది మనిషి మీదికి వస్తే అప్పుడు రైతుకు దిక్కెవరు?

సరే, పెద్దది కొని లైసెన్స్ తీసుకుంటే? పంట కాపాడుకోవడానికి మందు కూర్చే తుపాకికి లైసెన్స్ అడిగే వీలు ఆయుధ చట్టంలోనే ఉంది. అయితే ఆ లైసెన్స్ తుపాకి పెట్టుకోవడానికే, జంతువును కాల్చడానికి కాదు. దానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం వేరే ఉంది. చంపితేనే వేట అని అందులో లేదు. గాయపరిచినా, ప్రయత్నించినా వేటే. ‘గురి తప్పింది సార్’ అంటే కేసు తప్పదు. తుపాకీ, వెళ్లిన బండీ జప్తు.

2022లో ఈ చట్టాన్ని సవరించి మామూలు నేరాలకు జరిమానా గరిష్ఠం 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెంచారు. మొదటి షెడ్యూలులోని నెమలి, కృష్ణజింక లాంటివైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్ల జైలు. ఎలుకలు, కాకులు, గబ్బిలాలను హానికర జంతువులుగా లెక్కగట్టిన పాత ఐదో షెడ్యూలూ పోయింది.

మూడు కిలోమీటర్ల లెక్క

పంటకు ముప్పు తెచ్చే పందిని చంపే దారి చట్టంలో అసలు లేదని కాదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతించొచ్చు. కేరళ 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. తమిళనాడు 2025 జనవరిలో దూరం లెక్క పెట్టింది. రిజర్వు ఫారెస్టుకు కిలోమీటరు లోపల పందిని కాల్చకూడదు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య పట్టి అడవిలో వదలాలి. మూడు దాటితేనే కాల్చాలి, అదీ అటవీశాఖ సిబ్బందే. కృష్ణగిరి జిల్లా రైతు ఇంట్లో ఎంత మంచి రైఫిల్ ఉన్నా ఈ లెక్కలో దానికి చోటు లేదు. అర్జీ పెట్టి, సిబ్బంది వచ్చే దాకా చేను ఆగుతుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మాత్రం ఏ జీవోలోనూ కనిపించదు.

వేట మీదే బతికిన నక్కలోళ్లకైతే ఈ చట్టాలు ఎప్పుడో దెబ్బకొట్టాయి. తమిళనాట వీళ్లనే నరికురవలు అంటారు. పిట్టలు, నక్కలు కొట్టే నాటు తుపాకులు వదిలి పూసలు, సూదులు అమ్ముకుంటూ ఊళ్లు తిరిగారు. తమిళనాడులో వీళ్లకు ఎస్టీ హోదా 2023లో గానీ రాలేదు. కడుపు కోసం కొట్టినవాళ్లు మానుకున్నాక, సరదాకు కొట్టేవాళ్లు బండి వేసుకుని చెరువు గట్టుకు రావడమే విడ్డూరం.

తూర్పు కొసన అరుణాచల్ ప్రదేశ్‌లో ఎయిర్‌గన్ లేని ఇల్లు అరుదనే ఊళ్లున్నాయి. అక్కడ 2021 మార్చిలో తుపాకులు అప్పగించే కార్యక్రమం మొదలుపెట్టారు. మొదట ఒక్క ఊరితో మొదలై, తర్వాత రాష్ట్రమంతా కలిపి 2,000కు పైగా తుపాకులు చేరాయి. మన వైపు అలాంటి పిలుపేదీ లేదు. ఇంట్లో పాత ఎయిర్‌గన్ ఉన్నవాళ్లు చేయాల్సింది ముందు గొట్టం మీద చెక్కిన అంకె చూసుకోవడం. 177 ఉంటే కొన్న రసీదు భద్రంగా పెట్టుకోవాలి. 22 అని ఉంటే దగ్గర్లోని పోలీసు స్టేషనులో అడిగి, ఏం చేయాలో రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు. పంట పోయిన రైతు మాత్రం చేను ఫొటోలు తీసి, అడంగల్ లేదా పహణీ నకలుతో రేంజ్ ఆఫీసులో పరిహారం అర్జీ ఇవ్వాలి. దున్నేసిన చేను మళ్లీ చదును చేయకముందే ఇవ్వాలి సుమా.