లేత్ వేగం ఎలా మారుతుంది?

లేత్ మీద 10 మిల్లీమీటర్ల కడ్డీ నిమిషానికి 1000 చుట్లు తిరిగినా, 100 మిల్లీమీటర్ల దిమ్మె 100 చుట్లే తిరిగినా, టూల్ ముందు లోహం జరిగే వేగం ఒకటే: నిమిషానికి సుమారు 31 మీటర్లు. ఇది మరీ పెరిగితే వేడికి టూల్ మొన పాడవుతుంది. అందుకే పనిని బట్టి చుట్లు మార్చాలి.

చుట్లు మార్చే పాత పద్ధతి ఎంత తెలివైనదో చూడండి! మోటారు నుంచి స్పిండిల్‌కు (దిమ్మెను తిప్పే ఇరుసుకు) బెల్టుతో కదలికను అందించే రెండు పుల్లీల్లో ఒక్కోదాన్నీ రెండు ఏటవాలు బిళ్లలుగా చేస్తారు. అవి దగ్గరైతే బెల్టు పైకెక్కుతుంది, దూరమైతే లోపలికి దిగుతుంది. రెండో పుల్లీలో ఇదే తలకిందులుగా జరుగుతుంది. స్పిండిల్ నెమ్మదించినకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది. బెల్టు మాత్రం అరుగుతుంది.

కొత్త పద్ధతిలో ఎలక్ట్రానిక్ డ్రైవ్ మోటారుకు వెళ్లే కరెంటు ఫ్రీక్వెన్సీనే మారుస్తుంది. 50 హెర్ట్జ్‌ను 25 చేస్తే మోటారు వేగం దాదాపు సగమవుతుంది. తిప్పే బలం మాత్రం పెరగదు. పైగా మోటారును చల్లబరిచే ఫ్యానూ నెమ్మదిస్తుంది. కాబట్టి లావు దిమ్మెలకు డ్రైవ్‌తోపాటు గేరునూ వాడటమే మేలు.