పందెం పోయిన ఇంజను, పాదుషా ఎక్కిన కారు

మాసెరాటి 5000 జీటీ అమ్మకానికి వచ్చిందంటే, తెలిసినవాళ్ళు రంగునీ తోలు సీట్లనీ తర్వాత చూస్తారు. ముందు బానెట్ ఎత్తించి, టార్చి వేసి, ఛాసిస్ మీదా ఇంజను మీదా గుద్దిన అంకెలు వెతుకుతారు. మన ఆర్టీఓ ఆఫీసు ఆవరణలో ఛాసిస్ నంబరు మీద కాగితం ఆనించి, పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారే, ఆ తనిఖీయే ఇదీ. కాకపోతే ఇక్కడ ఆ అంకెలు సరిపోవడం మీద కోట్ల రూపాయల బేరం ఆధారపడి ఉంటుంది. ఏఎం103తో మొదలయ్యే ఈ నంబరు 1959 నుంచి 1966 దాకా పడింది 34 కార్లకే.

సాధారణంగా కారు ఇలా ఉండాలని ముందు అనుకుని, దానికి తగ్గ ఇంజను చేస్తారు. ఇక్కడ కథ తిరగబడింది. ఉద్యోగం ఊడి ఖాళీగా కూర్చున్న ఇంజనుకి బతుకుతెరువు వెతకబోతే ఈ కారు పుట్టింది.

కారకాస్‌లో కాలిన కల

ఇటలీలోని మోడెనా పట్టణంలో ఉన్న మాసెరాటి కంపెనీకి 1957 మంచి ఏడాదిగానే మొదలైంది. వాళ్ళ 250ఎఫ్ కారు నడిపి హువాన్ మాన్యుయల్ ఫాంజియో ఫార్ములా వన్‌లో ఐదోసారి ప్రపంచ విజేత అయ్యాడు. స్పోర్ట్స్ కార్ల పందేల కోసం 450ఎస్ సిద్ధంగా ఉంది. అందులో ‘వి’ ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్లు, నాలుగున్నర లీటర్ల ఇంజను, సుమారు 400 హార్స్‌పవర్ శక్తి. అప్పట్లో రోడ్డు పందేల్లో దిగిన బండ్లలో దీని బలానికి సాటి వచ్చేవి అరుదు.

ఆ నవంబర్ 3న వెనిజులా రాజధాని కారకాస్‌లో స్పోర్ట్స్ కార్ల ఆఖరి పందెం. గెలిస్తే ప్రపంచ టైటిల్ చేతికొచ్చేది. మాస్టెన్ గ్రెగరీ నడుపుతున్న 450ఎస్ మొదట్లోనే పల్టీ కొట్టింది. స్టిర్లింగ్ మాస్ నడుపుతున్నది ఇంకో చిన్న కారును గుద్ది నుజ్జయింది. జాన్ బెహ్రా బండికి పెట్రోలు పోస్తుండగా మంట అంటుకుంది. ఆర్పేసి మాస్‌ని ఎక్కించారు గానీ, సీటు లోపల ఇంకా రగులుతూనే ఉంది. ఒళ్ళు కాలి ఆయన దిగిపోతే, హ్యారీ షెల్ ఎక్కాడు. కాసేపటికి అదే కంపెనీకి చెందిన బోనియే కారు టైరు పేలి, అదుపు తప్పి షెల్ బండిని ఢీకొంది. రెండూ తగలబడ్డాయి. డ్రైవర్ల ప్రాణాలు దక్కాయి గానీ, మొదటి నాలుగు స్థానాలూ ఫెరారీ పట్టుకుపోయింది.

దెబ్బ మీద దెబ్బ. అర్జెంటీనాకు అమ్మిన యంత్రాల డబ్బు రాక, యజమానులైన ఓర్సీ కుటుంబం అప్పటికే అప్పుల్లో ఉంది. పైగా 1958 నుంచి స్పోర్ట్స్ కార్ల పోటీల్లో మూడు లీటర్లకు మించిన ఇంజన్లు ఉండకూడదని కొత్త నిబంధన. ఆ ఒక్క నిబంధనతో నాలుగున్నర లీటర్ల ఇంజనుకి పందెంలో చోటు లేకుండా పోయింది. మాసెరాటి కంపెనీ జట్టుగా పందేల నుంచి తప్పుకుంది. 1957లోనే జెనీవాలో చూపించిన ఆరు సిలిండర్ల 3500 జీటీ అమ్ముకుంటూ నిలదొక్కుకునే పనిలో పడింది.

షా అడిగిన కారు

ఆ 3500 జీటీ ఇరాన్ షా మొహమ్మద్ రెజా పహ్లవీకి నచ్చింది. కానీ ఆయనకు అది చాలలేదు. ఇంకా బలమైనది, ఇంకెవరి దగ్గరా లేనిది కావాలన్నాడు. మాసెరాటి చీఫ్ ఇంజనీర్ జూలియో అల్ఫియేరి చేతిలో సమాధానం సిద్ధంగానే ఉంది. 3500 జీటీ ఛాసిస్‌ను గట్టిపరిచి, 450ఎస్ ఇంజనును దాదాపు ఐదు లీటర్లకు పెంచి అందులో కూర్చోబెట్టాడు. 1959లో షాకి అందిన ఆ మొదటి కారుకు ‘షా ది పెర్సియా’ అన్న పేరు స్థిరపడింది. అదే ఏడాది టూరిన్ ప్రదర్శనలో రెండో కారు కనబడేసరికి, డబ్బున్న మారాజులు వరస కట్టారు.

అప్పట్లో ఇలాంటి కార్లకు బాడీ వేరే చోట కట్టేవారు. విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్ళకి ఇది వింతేమీ కాదు. ఇంజనూ చక్రాలూ తప్ప ఏమీ లేని లారీ ఛాసిస్ షెడ్డుకొస్తుంది. క్యాబిన్ ఎలా ఉండాలో, తొట్టి ఎంత ఎత్తు ఉండాలో ఓనరు చెబితే మేస్త్రీలు కట్టిస్తారు. ఇటలీలోనూ ఆ పద్ధతే. షా కారుకి మిలాన్‌లోని టూరింగ్ షెడ్డు బాడీ కట్టింది. మొత్తం 34లో 22 కార్లకు టూరిన్‌లోని అల్లెమానో కట్టింది. ఫియట్ వారసుడు జాన్ని అన్యెల్లి పినిన్‌ఫరీనా చేత కట్టించుకున్నాడు. మనవాళ్ళు ఎరిగిన లాంబ్రెట్టా స్కూటరు తయారుచేసిన ఫెర్డినాండో ఇన్నొచెంటి, ఘియా చేత కట్టించుకున్నాడు. లోపలి ఎముకల గూడు ఒకటే అయినా, పైకి ఒక షెడ్డు కారుకూ ఇంకో షెడ్డు కారుకూ పోలికే ఉండదు.

సన్నని గొట్టాలు, తెల్లటి పొడి

టూరింగ్ వాళ్ళ పనితనానికి ‘సూపర్‌లెజెరా’ అని పేరు. ఇటాలియన్‌లో ‘బహు తేలిక’ అని అర్థం. సన్నని ఉక్కు గొట్టాలను వంచి, అతికి, కారు ఆకారంలో పంజరం చేస్తారు. దాని మీద చేత్తో తట్టి వంపు తీసిన అల్యూమినియం రేకులు తొడుగుతారు. బరువు మోసేది గొట్టాలు, గాలిని కోసేది రేకు.

చిక్కు ఆ రెండు లోహాలు కలిసే చోట ఉంది. ఉక్కూ అల్యూమినియమూ తడిలో ఒకదాన్నొకటి తాకితే అక్కడో చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకునేది అల్యూమినియం. కాబట్టి ముందుగా అదే కరుగుతూ, తెల్లటి పొడిగా రాలుతుంది. అందుకే మధ్యలో గుడ్డ పొర పెట్టేవారు. అరవై ఏళ్ళలో ఆ గుడ్డ నానినా, చివికినా రసాయన చర్య తన పని మొదలుపెడుతుంది. కొనేవాళ్ళు తలుపు అంచుల్లో, చక్రాల పైవంపుల్లో పెయింటు పొక్కిందేమోనని వేలితో తడిమి చూసేది ఇందుకే. పాత కారు రేకు మీద అయస్కాంతం ఆనించి, లోపల పుట్టీ ఎంత ఉందో పట్టేయడం మన మెకానిక్‌లకు అలవాటు. అల్యూమినియానికి అయస్కాంతం అంటదు కనుక ఆ చిట్కా ఇక్కడ పారదు. రేకులో విద్యుత్ సుడులు పుట్టించి పొర మందం కొలిచే మీటరు కావాల్సిందే.

మచ్చిక చేసిన విధం

పందెపు ఇంజనును ఊళ్ళో తిప్పడం పొగరుబోతు గుర్రాన్ని పెళ్ళి బండికి కట్టడమే. తొలి కార్లలో సిలిండరు బోరు 98.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం, అంటే స్ట్రోకు, 81. ఎనిమిది సిలిండర్లకు కలిపి 4,937 సీసీ. వెడల్పు బోరులో పెద్ద వాల్వులు పడతాయి. స్ట్రోకు పొట్టిది కాబట్టి, ఇంజను ఎంత జోరుగా తిరిగినా పిస్టన్ మరీ వేగంగా పరుగెత్తక్కర్లేదు. పందేనికి కావాల్సింది సరిగ్గా ఇదే.

తర్వాతి కార్లకు అల్ఫియేరి కొలతలు మార్చాడు. బోరు 94కి తగ్గించి, స్ట్రోకు 89కి పెంచాడు. సామర్థ్యం 4,941 సీసీ, అంటే పెరిగింది నాలుగు సీసీలే. బలం దాదాపు అంతే ఉంచి, స్వభావం మార్చాడన్నమాట. ఒక్కో సిలిండరుకు రెండేసి చొప్పున పదహారు స్పార్క్ ప్లగ్గులు మాత్రం పందెం రోజుల ఆనవాలుగా మిగిలాయి. గాలి పీల్పుతో పెట్రోలు లాక్కునే వెబర్ కార్బురేటర్ల బదులు, పంపు ఒత్తిడితో కొలిచి చిమ్మే లూకాస్ ఇంజెక్షన్ వచ్చింది.

అన్నిటికన్నా చెవికి తెలిసిన మార్పు వాల్వుల దగ్గర జరిగింది. వాల్వుల్ని తెరిచి మూసే నాలుగు క్యామ్‌షాఫ్టులను తొలి కార్లలో పళ్ళ చక్రాల వరస తిప్పేది. పన్ను పన్నునూ తాకే ఆ గేర్లు కాలం తప్పవు, సాగవు. కానీ సన్నగా, ఆగకుండా ఈల వేస్తాయి. పందెం మైదానంలో ఎవరికీ పట్టని ఆ ఈల, పట్టు సూటు వేసుకుని విందుకు వెళ్ళే యజమానికి నచ్చదు. అల్ఫియేరి వాటిని తీసేసి చైను పెట్టాడు. అప్పుడుగానీ ఇంజను నెమ్మదించలేదు. ఆ ఇంజను వారసులు కాస్త చిన్నవై, కొంత మారి, 1963లో వచ్చిన క్వాట్రోపోర్టే నుంచి మొదలుపెట్టి మూడు దశాబ్దాల దాకా మాసెరాటి కార్లను లాగాయి.

ఇప్పుడు అమ్మకానికి వచ్చిన కారు దగ్గర నంబర్లు సరిచూశాక, పెయింటు కింద తెల్లటి పొడి లేదని తేలాక, చివరగా ఇంజను స్టార్టు చేయమంటారు. చుట్టూ నిలబడ్డవాళ్ళు మాటలాపి, ఎగ్జాస్ట్ మోత కింద ఇంకో చప్పుడు కోసం చెవి పెడతారు. చైను కారైతే ఏమీ వినిపించదు. తొలి కార్లలో ఒకటైతే మాత్రం, అరవై ఏళ్ళ కిందట యజమానులకు పడని ఆ గేర్ల ఈల సన్నగా పైకి లేస్తుంది. విన్నవాడి చెయ్యి అప్పుడు జేబులోని చెక్కుబుక్కు వైపు కదులుతుంది.