కొలెస్టరాల్‌కు తూము

పాలమూరు మెట్టపొలములలో వేరుసెనగ విరివిగా పండును. ఆ పల్లీల నూనెలో కొలెస్టరాల్ లేదనియే చెప్పవచ్చును. మొక్కలనుండి వచ్చు ఏ నూనె యైనను అంతే. అట్టి నూనెతో వండుకొని, గ్రుడ్డు, మాంసము ముట్టని వారికిని రక్తపరీక్షలో కొలెస్టరాల్ హెచ్చుగా కనబడుట కలదు. అది ఎక్కడనుండి వచ్చినది?

మన కణములనుండియే. కొలెస్టరాల్ విషము కాదు. కణపు పొరకు బిగువునిచ్చునది, పిత్తలవణములకును కొన్ని హార్మోనులకును మూలమైనది అదియే. అందుచేత కాలేయము మొదలైన అవయవములు దానిని స్వయముగా తయారుచేసికొనును. 27 కార్బను పరమాణువుల ఈ అణువు చిన్న ఎసిటేటు తునకలనుండి ఏర్పడు విధమును వివరించినందుకు బ్లాక్, లినెన్ అను శాస్త్రజ్ఞులకు 1964లో నోబెల్ బహుమతి లభించినది.

ఈ తయారీలో సుమారు 30 మెట్లు కలవు. వానిని నడుపు ఎంజైములలో ముఖ్యమైనది హెచ్.ఎమ్.జి. కో-ఎ రిడక్టేజు. నల్లగొండ చెరువులను చూచినవారికి దీని పని సులభముగా బోధపడును. కాలువ ఎంత పొడవైనను, పారు నీటిని నిర్ణయించునది తూము. ఈ ఎంజైము అట్టి తూము. కణములో కొలెస్టరాల్ నిండిన మూతపడును, తగ్గిన తెరచుకొనును.

కణమునకు మరియొక దారి కూడ ఉన్నది. రక్తములో ఎల్.డి.ఎల్. అను రేణువులు కొలెస్టరాల్‌ను మోయుచుండును. కణపు పొరపైనున్న గ్రాహకములు వానిని పట్టి లోనికి దించుకొనును. ఈ ఏర్పాటును వెల్లడించిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లు 1985లో నోబెల్ బహుమతి నందిరి. సుమారు 300 మందిలో ఒకరికి పుట్టుకతోనే ఈ ఏర్పాటులో లోపముండును. నేయి, వెన్నలలోని సంతృప్త క్రొవ్వులు మితిమీరినను గ్రాహకములు తగ్గును. అప్పుడు రక్తములో నిలిచిపోయిన కొలెస్టరాల్ ధమనులలో పూడికవలె చేరి గుండెపోటునకు దారితీయును.

జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో వేలకొలది బూజులను పరీక్షించి, 1973లో ఒక పెనిసీలియం బూజునుండి ఈ ఎంజైమును అడ్డగించు పదార్థమును కనుగొనెను. ఆ కోవకు చెందిన మందులే స్టాటినులు. వానిలో లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో వాడుకకు వచ్చినది. తూము కొంత మూతపడగానే కాలేయకణములు కొలెస్టరాల్ కొరకు గ్రాహకములను పెంచి, రక్తములోని ఎల్.డి.ఎల్.ను లాగికొనును.

కావున నూనె డబ్బాపై ‘కొలెస్టరాల్ లేదు’ అని చదివి నిశ్చింతగా ఉండరాదు. చిన్న వయస్సులోనే గుండెపోటు వచ్చినవారి తోబుట్టువులు, బిడ్డలు రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. పరీక్షలో అంకె తగ్గినదని వైద్యుని అడుగక మాత్రలు మానరాదు. మానిన తూము మరల తెరచుకొనును.